హింస ఎదురయ్యే వేళకు విశ్వాసి సిద్ధపడటం ఎలా

విశ్వాసం కారణంగా దాడికి గురయ్యే అవకాశం ఉన్న వ్యక్తికి గానీ, సంఘానికి గానీ సాధారణంగా అందే సలహా ఒకటే: ధైర్యంగా ఉండండి, దేవుడు చూసుకుంటాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయితే దాన్ని విని ఇంటికి వెళ్లినవారికి మరునాడు ఉదయం లేచి ఏం చేయాలో మాత్రం తెలియదు. క్రైస్తవ చరిత్రలో హింసకు ఎదురు నిలిచినవారి వృత్తాంతాలను వరుసగా చదివితే, వారిలో చాలామంది పుట్టుకతో ధైర్యవంతులేమీ కారనీ, ఆపద రాకముందే కొన్ని విషయాలను తేల్చుకొని ఉన్నవారనీ అర్థమవుతుంది. ప్రాణం మీదికి వచ్చినా ఏ పనులు చేయకూడదో వారు నిర్ణయించుకొన్నారు. తక్కిన విషయాల్లో, అంటే తప్పించుకొని వెళ్లాలా, దాక్కోవాలా, చట్టాన్ని ఆశ్రయించాలా అన్న ప్రశ్నల్లో, వివేకం చెప్పినట్లు నడుచుకొన్నారు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి కూడా అదే.

చేయకూడనివి ముందుగా నిర్ణయించుకోవడం

ఏ ఒత్తిడీ లేని సమయంలో, కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత కూర్చొని, ఎంతటి బెదిరింపు వచ్చినా మేము చేయని పనులు ఇవి అని రాసుకోండి. నా అభిప్రాయంలో ఆ జాబితాలో మూడింటికి మించి ఉండనక్కరలేదు: క్రీస్తును ఎరుగనని చెప్పకపోవడం, కొట్టినవారి మీద పగ తీర్చుకోకపోవడం, తన ప్రాణం కాపాడుకోవడానికి మరొకరిని పట్టి ఇవ్వకపోవడం. జాబితా పొడవు పెరిగేకొద్దీ దేవుడు అడగని వాటి కోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకొనే ప్రమాదం పెరుగుతుంది. ప్రార్థన మందిరం, దాని మీది బోర్డు, మైకు, కుర్చీలు, ఆదివారం పది గంటలకే ఆరాధన జరగాలన్న పట్టుదల, ఇవేవీ ఆ జాబితాలోకి రావు. అవసరమైతే వీటన్నింటినీ వదులుకోవచ్చు. తొలి మూడు శతాబ్దాల విశ్వాసులు ఎక్కువగా ఇళ్లలోనే కూడుకొన్నారు.

ఈ నిర్ణయాన్ని ఒంటరిగా తీసుకోకూడదు, ఎందుకంటే అసలైన ఒత్తిడి చాలాసార్లు దాడి చేసేవారి నుంచి కాక, మనల్ని ప్రేమించేవారి నుంచి వస్తుంది. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరంలో, క్రైస్తవురాలైనందుకు మృగాల పాలు చేసేందుకు చెరసాలలో ఉంచిన పెర్పెటువా అనే యువతికి దాదాపు 22 ఏళ్లు, ఒడిలో పాలు తాగే బిడ్డ. ఆమె చెరసాలలో స్వయంగా రాసుకొన్న వృత్తాంతంలో క్రూరమృగాల కంటే ఎక్కువగా కనిపించేది ఆమె తండ్రి కన్నీరు. ఆయన పదే పదే వచ్చి, నా తల నెరసింది చూడు, నీ బిడ్డ ముఖం చూడు, ఒక్క మాట అని బయటపడు అని బతిమాలాడు. అటువంటి బతిమాలుటకు జవాబు అప్పటికప్పుడు వెతుక్కోవడం దాదాపు అసాధ్యం. కనుక భార్యాభర్తలు, పెద్ద పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు అందరూ కూర్చొని, నాకేమైనా జరిగితే పిల్లలను ఎవరు చూసుకొంటారు, ఇంటి ఖర్చు ఎలా నడుస్తుంది, పత్రాలు ఎక్కడున్నాయి అన్న విషయాలను కూడా అదే రోజున మాట్లాడుకోండి. ఇవి తేలితే మనస్సు మీది బరువు సగం దిగుతుంది.

తప్పించుకొని వెళ్లడం పిరికితనం కాదు

ఈ విషయంలో బోధకులు తరచుగా పొరపాటు పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. ఒక పట్టణంలో హింసించినప్పుడు మరొక పట్టణానికి పారిపొమ్మని శిష్యులకు చెప్పినది యేసే. దేవాలయంలో తన మీద రాళ్లు ఎత్తినప్పుడు ఆయన మరుగై బయటికి వెళ్లిపోయినట్లు యోహాను సువార్త 8వ అధ్యాయం చెబుతోంది. దమస్కులో పౌలును విశ్వాసులు రాత్రివేళ గంపలో కూర్చోబెట్టి గోడ మీదుగా దింపారు. ఆ తరువాత ఆయన పాతిక ముప్పై ఏళ్ల పాటు సువార్త ప్రకటించాడు.

రెండవ శతాబ్దం మధ్యలో స్ముర్న సంఘాధ్యక్షుడు పొలికార్పు హతసాక్షి అయిన, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చిన, వృత్తాంతంలో ఇంకా స్పష్టమైన పాఠం ఉంది. ఫ్రుగియకు చెందిన క్వింటస్ అనే వ్యక్తి తనంతట తానే అధికారుల ఎదుటికి వెళ్లాడు, మరికొందరిని కూడా అలా వెళ్లేందుకు పురికొల్పాడు, తీరా మృగాలను చూసేసరికి బెదిరిపోయి విగ్రహానికి బలి అర్పించాడు. స్ముర్న సంఘం ఆ సంగతి దాచకుండా రాసి, తమంతట తాము పట్టుబడేవారిని మేము మెచ్చుకోము, సువార్త అలా నేర్పలేదు అని తేల్చి చెప్పింది. పొలికార్పు మాత్రం స్నేహితుల మాట విని ఊరి బయటి తోటకు వెళ్లాడు, అక్కడినుంచి మరొక చోటికి మారాడు. చివరికి చోటు బయటపడి సైనికులు వచ్చినప్పుడు ఇక పరుగెత్తలేదు. వారికి భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట సమయం అడిగి, రెండు గంటలు నిలబడి ప్రార్థించాడు.

ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు ఉండాలి అన్నదానికి నాకు తెలిసినంతలో అత్యంత ఉపయోగకరమైన కొలత హిప్పో సంఘాధ్యక్షుడు అగస్టీను ఇచ్చినది. వాండలులు అనే తెగవారు ఉత్తర ఆఫ్రికా మీద దండెత్తిన కాలంలో హొనొరాటస్ అనే సంఘాధ్యక్షుడు అడిగిన ప్రశ్నకు ఆయన రాసిన ఉత్తరం సారాంశం ఇది: శత్రువు నిన్నొక్కడినే వెదకుతున్నాడా, నీ బదులు సంఘాన్ని చూసుకొనేవారు ఉన్నారా, అయితే వెళ్లు, ఆపద అందరికీ సమానంగా ఉండి, నువ్వు వెళితే బలహీనులు దిక్కులేనివారవుతారా, అయితే ఉండు. అగస్టీను తానుగా హిప్పోలోనే ఉండి, నగరం ముట్టడిలో ఉండగా 430లో మరణించాడు. ఈ కొలతను కాపరులు మాత్రమే కాక, ఇంటి పెద్దలు, వసతిగృహాలు నడిపేవారు, ఆసుపత్రులలో పనిచేసేవారు కూడా వాడుకోవచ్చు. నేను వెళితే ఎవరు మిగిలిపోతారు అన్న ప్రశ్నకు పేర్లతో సహా జవాబు రాసుకోండి. ఒక్క పేరు కూడా రాకపోతే వెళ్లడానికి సంకోచించనక్కరలేదు.

హింసను కొనితెచ్చుకోవడం కూడా ఇక్కడే చెప్పుకోవలసిన విషయం. నాలుగవ శతాబ్దం ఆరంభంలో స్పెయిన్‌లోని ఎల్విరాలో కూడిన సంఘాధ్యక్షుల సభ, ఎవరైనా విగ్రహాలను పగలగొట్టి ఆ కారణంగా చంపబడితే వారిని హతసాక్షుల జాబితాలో చేర్చకూడదని నిర్ణయించింది. ఎఫెసులో అల్లరి చెలరేగినప్పుడు అక్కడి కరణమే, ఈ మనుష్యులు గుడి దోచినవారూ కారు, మన దేవతను దూషించినవారూ కారు అని సాక్ష్యమిచ్చాడు. ఇతరుల ఆరాధనను ఎగతాళి చేసి దెబ్బలు తిన్నవారు సువార్త కోసం శ్రమపడ్డామని చెప్పుకోవడం సరికాదు.

ఇంట్లో భర్త చేతిలోనో, మరొకరి చేతిలోనో దెబ్బలు తింటున్నవారికి సహించండి, ప్రార్థించండి, మారతాడు అని మాత్రమే చెప్పి పంపడం సంఘాలలో ఉన్న దురలవాటు. రాజైన సౌలు తన మీద ఈటె విసిరినప్పుడు దావీదు ఆ రాజు ఇంట్లోనే ఉన్నాడు, అతని అల్లుడు కూడా. ఆ రాత్రే భార్య మీకాలు కిటికీ గుండా దింపగా తప్పించుకొని పారిపోయాడు. ఆ తరువాత సౌలును చంపే అవకాశం వచ్చినా అతడి మీద చెయ్యి వేయలేదు, అలాగని మళ్లీ అతడి బల్ల దగ్గరికీ వెళ్లలేదు. ఇంటి హింసలో ఉన్నవారు చేయవలసినది కూడా అంతే: సురక్షితమైన చోటికి చేరడం, చట్టం సహాయం తీసుకోవడం, క్షమాపణ సంగతి ఆ తరువాత తీరికగా ఆలోచించడం.

భయాన్ని ఏం చేయాలి

భయం వేయడం విశ్వాసం తగ్గిందనడానికి గుర్తు కాదు. గెత్సేమనేలో యేసు దుఃఖపడి, చింతాక్రాంతుడై, ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్మని ప్రార్థించాడు. ముగ్గురు స్నేహితులను దగ్గర ఉండి మెలకువగా ఉండమని అడిగాడు. 56వ కీర్తన రాసినవాడు నాకు భయం కలగదు అనలేదు, భయం కలిగిన దినాన నిన్ను ఆశ్రయిస్తాను అన్నాడు.

ఆచరణలో మూడు పనులు సహాయపడతాయి. మొదటిది, భయాన్ని బయటికి చెప్పడం. 1956 జనవరి 27 రాత్రి అమెరికాలోని మాంట్‌గొమరీలో యువ పాస్టరైన మార్టిన్ లూథర్ కింగ్‌కు ఫోనులో హత్యా బెదిరింపు వచ్చింది. నిద్రపట్టక వంటగదిలో కూర్చొని, నేను బలహీనుణ్ణయ్యాను, నా ధైర్యం సడలిపోతోంది అని దేవునితో పైకే చెప్పుకొన్నాడు. మూడు రోజుల తరువాత, జనవరి 30న, ఆయన భార్య, పసిబిడ్డ ఇంట్లో ఉండగా వాకిట్లో బాంబు పేలింది. ఆయుధాలతో గుమిగూడిన తనవారిని ఆ రాత్రి ఆయనే శాంతింపజేసి ఇళ్లకు పంపాడు. వాకిట్లో కనబడిన నిబ్బరం వంటగదిలో జరిగిన ప్రార్థన నుంచి వచ్చిందని ఆయన తరువాత చెప్పుకొన్నాడు. మీరు కూడా ప్రార్థనలో గంభీరమైన మాటల కోసం వెతకకుండా ఉన్న భయాన్ని ఉన్నట్లే చెప్పండి, దేవునితో పాటు నమ్మకమైన ఇద్దరు మనుషులతో కూడా చెప్పండి.

రెండవది, చిన్న వాక్యాలను కంఠస్థం చేయడం. తీవ్రమైన భయంలో మనస్సు కొత్తగా ఆలోచించలేదు, లోపల ముందే నాటుకొని ఉన్నదే నోటికి వస్తుంది. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను" అన్న 23వ కీర్తన మాట ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు కూడా పలకగలిగినంత చిన్నది. పిల్లలకు దాన్ని ఆపద గురించి చెప్పకుండా, మామూలు రోజుల్లోనే నేర్పండి.

మూడవది, రేపటి శ్రమను ఈ రాత్రే ఊహించుకొని అనుభవించకపోవడం. పెర్పెటువాతో పాటు చెరలో ఉన్న ఫెలిసిటా అనే దాసి ప్రసవవేదనతో మూలుగుతుంటే, ఇప్పుడే ఇలా అరుస్తున్నావు, మృగాల ముందు ఏం చేస్తావు అని కావలివాడు ఎగతాళి చేశాడు. ఇప్పుడు పడేది నేను పడుతున్నాను, అప్పుడు నా కోసం పడేవాడు నాలో ఉంటాడు అని ఆమె జవాబిచ్చింది. ఆ గడియకు కావలసిన బలం ఆ గడియలోనే అందుతుందన్నది ఆమె నమ్మకం. ముందుగా అది చేతికి రాలేదని కంగారు పడనక్కరలేదు.

సంఘం చేసుకోవలసిన ఏర్పాట్లు

ప్రార్థన, ఏర్పాట్లు ఒకదానికొకటి పోటీ కావు. యెరూషలేము గోడ కట్టేటప్పుడు నెహెమ్యా మనుషులు దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలి కూడా ఉంచారు. పాస్టరు, సంఘ పెద్దలు, స్త్రీల కూడిక బాధ్యులు ఒకచోట కూర్చొని కింది విషయాలు తేల్చాలి. పోలీసులకు ఎవరు ఫోన్ చేస్తారు, ఆ వ్యక్తి ఆ రోజు రాకపోతే ఎవరు చేస్తారు? ఆరాధన జరుగుతుండగా గుంపు వస్తే పిల్లలను ఏ ద్వారం గుండా, ఎవరు తీసుకువెళతారు? నడవలేని వృద్ధుల పక్కన ఎవరు కూర్చొంటారు? అన్ని ద్వారాలూ లోపలినుంచి తాళం అవసరం లేకుండా తెరుచుకొంటాయా? ద్వారం దగ్గర నిలబడే వ్యక్తిగా కండబలం ఉన్నవాడి కంటే నెమ్మదస్తుణ్ణి ఎంచుకోవడం మంచిది. మాట పెరగకుండా చూడగలవాడే అక్కడ అవసరం. ఇద్దరు ముగ్గురికైనా ప్రథమ చికిత్స తెలిసి ఉండాలి, ముఖ్యంగా రక్తస్రావం అవుతున్న గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి, సహాయం వచ్చేవరకు వదలకుండా గట్టిగా అదిమి పట్టడం.

చుట్టుపక్కల ఉన్న ఇతర మతస్థులతో స్నేహాన్ని బెదిరింపులు మొదలైన తరువాత ప్రారంభిస్తే ఆలస్యమవుతుంది. వారి ఇళ్లలో మరణం, జబ్బు, పెళ్లి జరిగినప్పుడు వెళ్లివచ్చిన సంఘానికి, ఆపద వేళ ఒక తలుపైనా తెరుచుకొనే అవకాశం ఉంటుంది.

అన్నింటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది అభ్యాసం. 1959లో జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు యువకుడు నాష్‌విల్‌లోని ఒక ఆలయం కింది గదిలో విద్యార్థులను కూర్చోబెట్టి, కొందరిని దుండగులుగా నటించమన్నాడు. వారు తోశారు, తిట్టారు, కుర్చీలలోనుంచి కిందికి లాగారు. తక్కినవారు తిరిగి కొట్టకుండా, తలను చేతులతో కాచుకొని, ఒకరినొకరు ఎలా కాపాడుకోవాలో నేర్చుకొన్నారు. 1960 ఫిబ్రవరిలో, నల్లజాతివారికి వడ్డించని భోజనశాలల్లో కూర్చొని నిరసన తెలుపుతూ వారు నిజంగా దెబ్బలు తిన్నప్పుడు క్రమం తప్పలేదు. మనవారిలో చాలామందికి ఇది నాటకంలా అనిపించవచ్చు, మొదట్లో నవ్వు కూడా వస్తుంది. అయినా రెండవ చెంప చూపమన్న ఆజ్ఞను చేతులకు, కాళ్లకు నేర్పకపోతే, కోపంలో అవి తమకు తెలిసిన పనే చేస్తాయి.

దాడి జరుగుతుండగా

ముందుగా మనుషులను బయటికి పంపండి, వస్తువుల జోలికి పోకండి. వేదాంత చర్చకు అది సమయం కాదు. గొంతు తగ్గించి, చేతులు కనబడేలా ఉంచి, చిన్న మాటల్లో జవాబివ్వండి. అడిగితే నేను క్రైస్తవుణ్ణి అని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

సహించడం అంటే నోరు మూసుకోవడం అని కొందరి భావన. ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు కొట్టినప్పుడు యేసు తిరిగి కొట్టలేదు గానీ, "నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. కొరడాలతో కొట్టడానికి కట్టినప్పుడు పౌలు, రోమీయుణ్ణి, శిక్ష విధించకుండానే కొట్టడానికి మీకు అధికారం ఉందా అని శతాధిపతిని ప్రశ్నించి ఆ దెబ్బలు తప్పించుకొన్నాడు. చట్టం ఇచ్చిన హక్కును గుర్తు చేయడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

మరొకరి మీద దెబ్బ పడుతున్నప్పుడు బలప్రయోగం చేయవచ్చా అన్న ప్రశ్నకు క్రైస్తవులందరూ ఒకే జవాబు ఇవ్వలేదు. మెన్నొనైటుల వంటి శాంతివాద క్రైస్తవ శాఖలవారు ఏ పరిస్థితిలోనూ కూడదంటారు. అగస్టీను నుంచి వచ్చిన సంప్రదాయం పొరుగువాణ్ణి కాపాడేందుకు పరిమితంగా అనుమతిస్తుంది. నా మట్టుకు నాకు, అడ్డంగా నిలబడటం, కొట్టే చేతిని పట్టుకోవడం, పిల్లను లాక్కొని పరుగెత్తడం ఈ రెండు వర్గాలకూ అంగీకారమయ్యే పనులుగా కనిపిస్తాయి. ఆయుధం చేతికి తీసుకొన్న తరువాత కాపాడటం ఎక్కడ ఆగిందో, పగ ఎక్కడ మొదలైందో కొట్టేవాడికి కూడా తెలియదు. సంఘం ఈ విషయంలో తన నిర్ణయాన్ని ముందే చెప్పుకోవాలి.

తరువాతి రోజులు

గాయపడినవారిని ఆసుపత్రికి తీసుకువెళ్లి వైద్యుని నివేదిక తీసుకోండి. ఎవరు ఏమి చూశారో ఆ రోజే విడివిడిగా, ఒకరి మాట మరొకరు దిద్దకుండా, తేదీ, సమయంతో రాయించండి. బెదిరింపు సందేశాలను చెరిపివేయకండి. ఫిర్యాదును రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు నకలు తీసుకోండి. దెబ్బలు తిన్నవారి వీడియోలను వారి అనుమతి లేకుండా పంచకండి. అవి సానుభూతి తెచ్చినంత వేగంగా మరో దాడిని కూడా తేగలవు. చూడనిదాన్ని చూసినట్లు చెప్పడం, సంఖ్యలు పెంచడం కేసును పాడు చేయడమే కాక అబద్ధసాక్ష్యం కూడా అవుతుంది.

నిద్ర లేకపోవడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఆరాధనకు రావడానికి జంకడం మొదటి వారాల్లో సహజమే. బదరీవృక్షం కింద చావు కోరుకొన్న ఏలీయాకు దేవుడు మొదట పంపినది రొట్టె, నీళ్లు, నిద్ర. ఆ తరువాతే ఆయనతో మాట్లాడాడు. నెల దాటినా ఈ లక్షణాలు తగ్గకపోతే వైద్యుణ్ణి చూపించాలి. దాన్ని అవిశ్వాసమని ఎవరూ అనకూడదు.

క్షమాపణ విషయంలో తొందర పెట్టకండి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు కుమారులనూ వాహనంలో సజీవదహనం చేసినప్పుడు, ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పింది. అయితే న్యాయస్థానం తన పని తాను చేసుకొనేందుకు ఆమె అడ్డు రాలేదు. క్షమించడం బాధితురాలి చేతిలోని పని, శిక్ష ప్రభుత్వం చేతిలోని పని. రెండింటినీ కలిపి, క్షమించావు కదా, కేసు వెనక్కి తీసుకో అని ఒత్తిడి చేసేవారికి లొంగనక్కరలేదు. 2015 జూన్‌లో అమెరికాలోని చార్లెస్టన్‌లో ఒక సంఘం బైబిలు అధ్యయనంలో ఉండగా తొమ్మిది మందిని కాల్చి చంపినప్పుడు, కొందరు కుటుంబ సభ్యులు రెండు రోజులకే నిందితునితో నిన్ను క్షమిస్తున్నామని చెప్పారు. మరికొందరు తమకు ఇంకా సమయం కావాలన్నారు. రెండు రకాలవారికీ ఒకే బల్ల దగ్గర చోటుండాలి.

చివరిగా, నిలబడలేకపోయినవారి సంగతి. ప్రతి హింసాకాలంలోనూ ఇటువంటివారు ఉంటారు, వారి గురించి సంఘాలు ముందుగా ఆలోచించవు. 250లో దేవతలకు బలి అర్పించాలన్న రోమా చక్రవర్తి డెసియస్ ఆజ్ఞకు లొంగి బలులు అర్పించినవారు, అర్పించినట్లు దొంగ పత్రాలు కొన్నవారు కార్తేజు సంఘంలో పెద్ద సంఖ్యలో తేలారు. వారిని ఇక ఎన్నటికీ చేర్చుకోకూడదని ఒక వర్గం, వెంటనే ఏమీ జరగనట్లు చేర్చుకోవాలని మరొక వర్గం పట్టుబట్టాయి. సంఘాధ్యక్షుడు సిప్రియను ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించి, పశ్చాత్తాపానికి సమయమిచ్చి చేర్చుకొనే మార్గాన్ని ఎంచుకొన్నాడు. ఆయన కూడా ఆ హింసలో దాక్కొన్నవాడే, 258లో వచ్చిన మరో హింసలో తల ఇచ్చినవాడు. మీ సంఘంలో కూడా దెబ్బలకు తాళలేక క్రీస్తును కాదన్నవారు, భయపడి సంతకం పెట్టినవారు ఉంటే, మొదటి వారంలోనే పెద్దలలో ఇద్దరు వారి ఇంటికి వెళ్లాలి. జరిగినదాన్ని అందరి ముందు సాక్ష్యంగా చెప్పమని అడగవద్దు, వారి పేరు ప్రార్థన విన్నపాలలో చదవవద్దు. మూడుసార్లు ఎరుగనన్న పేతురును యేసు సముద్రతీరాన మొదట భోజనానికి పిలిచాడు, ప్రశ్న ఆ తరువాత అడిగాడు. వెళ్లిన పెద్దలు కూడా ఆ వరుసనే పాటించాలి.